పెన్సిలు ఒక్కటే లోపలికి

బ్యాగు లాకర్లో పెట్టేయండి. నీళ్ల సీసా, జాకెట్టు, జేబులో పెన్ను, అన్నీ అక్కడే. ఆస్టిన్ ఎండలో గ్వాడలూప్ వీధి మీదుగా నడిచొచ్చారు, అరచేతులు చెమట పట్టి ఉంటాయి. కడుక్కుని తడి లేకుండా తుడుచుకోండి. పాత కాగితం ముట్టుకోవడానికి శుభ్రమైన వట్టి చేతులే మంచివి.

ఇది టెక్సస్ విశ్వవిద్యాలయంలోని హ్యారీ ర్యాన్సమ్ సెంటర్. కింద హాల్లో గుటెన్‌బర్గ్ బైబిలు ఉంది. 1820ల్లో నియెప్స్ అనే ఫ్రెంచి ఆవిష్కర్త కిటికీలోంచి తీసిన ఫొటో కూడా ఉంది. వెళ్లేటప్పుడు చూద్దాం. మనం వచ్చింది పైనున్న రీడింగ్ రూమ్‌కి, డేవిడ్ ఫాస్టర్ వాలస్ పుస్తకాల కోసం.

వాలస్ అమెరికన్ నవలాకారుడు. 1996లో వచ్చిన ఆయన 'ఇన్ఫినిట్ జెస్ట్' వెయ్యి పేజీలు దాటుతుంది. నవల చివర 388 నోట్సు ఉంటాయి, కొన్ని నోట్సుకి మళ్లీ నోట్సు. 2008 సెప్టెంబరులో, 46 ఏళ్ల వయసులో, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. భార్య కారెన్ గ్రీన్, ఏజెంటు బోనీ నాడెల్ కలిసి గ్యారేజీలోంచీ గదిలోంచీ కాగితాలు ఏరి సర్దారు. 2010లో అవి ఇక్కడికి చేరాయి. వాటితోపాటే ఆయన చదివిన పుస్తకాలు 300 పైగా.

ముందు నిఘంటువు అడుగుదాం. అమెరికన్ హెరిటేజ్ డిక్షనరీ. వీపు విరగకుండా మెత్తటి ఫోమ్ దిమ్మెల మీద ఆనించి తెరవాలి. పేజీ మూల పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. అదిగో, పదం చుట్టూ సున్నా. కొన్ని పేజీలు తిప్పితే ఇంకొకటి. 'బెంథస్': సముద్రం అడుగున బతికే జీవజాలం. 'హైపోకరిజం': ముద్దుపేరు. మనం బుజ్జి, చిట్టి, పండు అని పిలుచుకోవడానికి కూడా ఒక శాస్త్రీయమైన పేరు ఉందన్నమాట. ఆయన అక్కడ ఆగాడు, సున్నా చుట్టాడు. వాళ్లమ్మ ఇంగ్లీషు టీచరు, వ్యాకరణం పాఠ్యపుస్తకం రాసిన మనిషి. మాట మీద ఆ పిచ్చి ఇంట్లోనే పట్టుకుంది. తర్వాత ఇదే నిఘంటువు వాడుక సలహా సంఘంలో ఆయన కూడా కూర్చున్నాడు. నిఘంటువుని ఎవరైనా అవసరమైనప్పుడు తెరుస్తారు. ఈయన నవల చదివినట్టు చదివాడు.

ఇక్కడ నాకు చిన్నతనం గుర్తొస్తుంది. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్లకద్దుకోమన్నారు. గీత గీస్తే తొడపాశం పెట్టారు. పుస్తకం సరస్వతి. ఆ భక్తితో పెరిగిన చేతికి ఈ పేజీలు ముట్టుకోగానే ఒక వణుకు వస్తుంది. కాసేపు చూశాక ఇలా గీతలు గీయడమూ భక్తేనని తెలిసింది. పూజగదిలో పెట్టే భక్తి కాదు, పొలం దున్నే భక్తి.

రెండో పుస్తకం డాన్ డెలిల్లోది. వాలస్ గురువుగా భావించి ఉత్తరాలు రాసిన రచయిత. అట్ట లోపలి ఖాళీ అంతా చేతిరాతే. సన్నగా, కిక్కిరిసి, పక్కకి ఒరిగి. కొన్నిచోట్ల రెండు మూడు రంగుల సిరా. అంటే ఒక్కసారి చదివి వదిలేసిన పుస్తకం కాదన్నమాట. ఇంకో సంగతి వినండి: డెలిల్లో కాగితాలూ ఈ భవనంలోనే ఉన్నాయి, వాలస్ ఆయనకి రాసిన ఉత్తరాలతో సహా. గురువుగారి చిత్తుప్రతి, శిష్యుడు గీతలు గీసుకున్న అచ్చుప్రతి ఒకే కప్పు కింద. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పుస్తకం పాతపుస్తకాల కొట్టుకి పోయి ఉంటే, దానికి మహా అయితే రెండు డాలర్లొచ్చేవి.

ఇప్పుడు కార్మాక్ మెకార్తీ నవల 'సట్రీ'. లోపల రచయిత ఫొటో చూడండి. గంభీరమైన ఆ ముఖానికి పెన్నుతో కళ్లజోడు, మీసం, కోరలు! మన సాంఘికశాస్త్రం పుస్తకంలో వైస్రాయిలకి మనం పెట్టిన మీసాలే ఇవి. ఇంత పెద్ద పాఠకుడి లోపల ఆ ఆఖరి బెంచీ కుర్రాడు బతికే ఉన్నాడు. ఈ గదిలో గట్టిగా నవ్వకూడదు, అదే కష్టం.

స్టీఫెన్ కింగ్ 'క్యారీ' పేపర్‌బ్యాక్ కూడా ఉంది. క్లాసులో పాఠం చెప్పడానికి చదివిన ప్రతి. జనం ఎగబడి కొనే నవల కదా అని తేలిగ్గా తీసుకోలేదు. డెలిల్లో మీద పెట్టిన శ్రద్ధే దీని మీదా పెట్టాడు. అంచులన్నీ గీతలే.

కొన్ని పుస్తకాలు మాత్రం మీ బల్ల మీదికి రావు. మనోవేదనతో నలుగుతూ ఆయన చదువుకున్న సెల్ఫ్ హెల్ప్ పుస్తకాలవి. వాటి అంచుల్లో ఇంటి సంగతులు, తనవాళ్ల గురించిన మాటలు రాసుకున్నాడు. 2011లో ఒక వ్యాసం వాటిని బయటపెట్టింది. ఆ తర్వాత అలాంటివి కొన్ని పాఠకులకి ఇవ్వడం ఆపేశారు. పరిశోధకులు నొచ్చుకున్నారు. నా మటుకు నాకు అది సరైన పనే. మాటలు ఏరుకున్న అంచు వేరు, ఏడ్చుకున్న అంచు వేరు. రెండోదాన్ని అడిగి చదవాలి, అడగడానికి ఆ మనిషి లేడు.

మూసే వేళవుతోంది. పుస్తకం మూసి, రెండు చేతులతో కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లండి. మీరు రాసుకున్న కాగితాలు ఒకసారి చూసి పంపిస్తారు.

ఇక్కడ చదవడానికి డాక్టరేటు అక్కర్లేదు. ముందుగా ఆన్‌లైన్లో ఖాతా తెరిచి, కావలసిన పుస్తకం అడిగిపెట్టుకుని, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు పట్టుకెళ్తే చాలు. ఆస్టిన్లో మీవాళ్లుంటే, ఈసారి వెళ్లినప్పుడు ఒక పూట దీనికి అట్టేపెట్టండి. పెన్సిలు వాళ్లే ఇస్తారు.