పసుపు రంగు చెప్పని సంగతి

సూరత్ మరమగ్గాల మీద బతికే మన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్‌లో చాలానే ఉన్నాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఘాటు వాసన తగిలిందంటే నీళ్లు మంచివేనన్న ధీమా మనందరికీ ఉన్నదే. క్లోరిన్ క్రిములను చంపుతుంది కాబట్టి ఆ ధీమా ఉత్తది కాదు.

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచిపెట్టి పోయారు. ఆ తర్వాత 1995లో మున్సిపల్ కమిషనరుగా వచ్చిన మన తెలుగువాడు సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ఏసీ గదుల్లోంచి వీధుల్లోకి నడిపించి, ఊరిని కడిగించారు.

ఆ 1995లోనే సింగణ్‌పోర్ దగ్గర తాపీ నదికి అడ్డంగా ఆనకట్ట లేచింది. సముద్రపు పోటు పైకి ఎగదన్నకుండా ఆపి, మంచినీళ్లు నిలపడం దాని పని. అది చేసిన మేలు ఉప్పదనం తగ్గించడమొక్కటే కాదు. సముద్రపు నీటిలో బ్రోమైడ్ ఉంటుంది. క్లోరిన్ తగిలితే అది బ్రోమిన్‌గా మారి, నీటిలోని సేంద్రియ పదార్థంతో కలిసి బ్రోమోఫాం వంటి హానికర పదార్థాలను పుట్టిస్తుంది. పోటు ఆగితే ఆ ముప్పు తగ్గుతుంది. కానీ నిలిచిన నీళ్లలో గుర్రపుడెక్క, నాచు పెరుగుతాయి. అవి కుళ్లి నీటిలో కలిశాక క్లోరిన్ పడితే క్లోరోఫాం పుడుతుంది. ఒకవైపు మూసిన తలుపు మరోవైపు తెరుచుకుంది.

ఈ గుట్టు 1974లో బయటపడింది. రోటర్‌డామ్ నీటి సరఫరాలో పనిచేసిన యోహానెస్ రూక్ అనే రసాయనవేత్త, నది నీటిలో లేని క్లోరోఫాం శుద్ధి చేసిన నీటిలో ఎందుకుందని అడిగాడు. క్రిములను చంపే క్లోరినే దాన్ని పుట్టిస్తోందని తేల్చాడు. అమెరికా 1979లో ఇలాంటి నాలుగు పదార్థాలకు కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాముల హద్దు గీసింది. అలాంటి నీళ్లు ఎక్కువకాలం తాగినవారిలో మూత్రాశయ క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు సూచించాయి.

అంతమాత్రాన క్లోరిన్ మానేద్దామంటే నేనొప్పుకోను. కలరా, విరేచనాలు రోజుల్లో ప్రాణం తీస్తాయి. పటిక వేసి మట్టినీ, సేంద్రియ పదార్థాన్నీ ముందే దింపేసి, ఆ తర్వాత క్లోరిన్ కలపాలి. అంతకన్నా ముందు ఆనకట్ట వెనక గుర్రపుడెక్క తీయాలి, నదిలోకి మురుగు రానివ్వకూడదు.

మన దేశపు తాగునీటి ప్రమాణాల్లో ఒక అంకె రెండుచోట్ల కనిపిస్తుంది. కుళాయి దగ్గర క్లోరిన్ కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరోఫాం 0.2కు మించకూడదు. మొదటిదాన్ని కొలవడానికి గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి కొన్ని చుక్కల పరీక్ష మందు వేస్తే చాలు, క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపెక్కుతాయి. రెండోదానికి రంగు లేదు. దానికి ప్రయోగశాలలో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ కావాలి.