దివ్యాంగులకు పని చోట తోడ్పాటు: నల్లగొండ, మహబూబ్‌నగర్

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దివ్యాంగులకు పని చోట తోడ్పాటు రెండు దారుల్లో వచ్చింది. ప్రభుత్వ కొలువుల్లో రిజర్వేషన్లు, సర్వీసు రక్షణ ఒక దారి. కూలి పనిలో తేలిక పనులు, కూలి రేటులో వెసులుబాటు రెండోది. మట్టిపని మీద బతికేవారు ఎక్కువైన ఈ మెట్ట ప్రాంతానికి రెండో దారే కీలకం.

నేపథ్యం

తాగునీటిలో మోతాదు బాగా మించిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఈ జబ్బు తరాలను పీడించింది. నాట్లు, కలుపుతీత, తట్టమోత బాధితులకు కష్టమయ్యాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు దేశమంతటా కాలువలు, ఆనకట్టల పనులకు వలస వెళ్లారు. అలాంటి పనుల్లో అవయవం కోల్పోయిన కార్మికుడికి 1923 నాటి కార్మికుల పరిహార చట్టం పరిహారం చూపింది కానీ, తిరిగి పని చూపలేదు.

ఉద్యోగ రక్షణ

1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తొలగించకూడదని, అదే జీతంతో తగిన పోస్టుకు మార్చాలని 47వ సెక్షన్ చెప్పింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రిజర్వేషన్‌ను 4 శాతానికి, గుర్తించిన వైకల్యాలను 21కి పెంచింది. వర్ణాంధత్వం వల్ల డ్రైవరు కొలువు పోయిన తెలంగాణ ఆర్టీసీ ఉద్యోగికి అదే జీతశ్రేణిలో వేరే పోస్టు ఇవ్వాలని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆదేశించింది. 1979లో యాజమాన్యం, కార్మిక సంఘాలు చేసుకున్న ఒప్పందం ఆ తీర్పుకు ఆధారమైంది.

ఉపాధి హామీ పనులు

పేదరిక నిర్మూలన కోసం 2000లో మొదలైన వెలుగు పథకపు తొలి జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. దాని ద్వారా ఊళ్లలో వికలాంగుల సంఘాలు ఏర్పడ్డాయి. 2006 ఫిబ్రవరిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం తొలి విడతలోనే రెండు జిల్లాలూ చేరాయి. దివ్యాంగులకు శక్తికి తగిన పని ఇవ్వాలని మార్గదర్శకాలు నిర్దేశించాయి. కూలీలకు నీళ్లందించడం, పసిపిల్లలను చూసుకోవడం, పని చోట కూలీలను పర్యవేక్షించే మేట్‌గా ఉండటం అలాంటివే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులకు ప్రత్యేక శ్రమశక్తి సంఘాలు (కూలీల బృందాలు) ఏర్పాటు చేసి, కూలిపై 30 శాతం అదనం కల్పించారు. దాంతో తక్కువ మట్టి తవ్వినా నిండు కూలి దక్కే వీలు కలిగింది.

ప్రాముఖ్యం

ఉద్యోగికి చట్టంలో సెక్షన్ ఉంది, కోర్టు ఉంది. తట్ట మోసే కూలీకి దక్కే వెసులుబాటు మాత్రం పని పంచే మేట్, ఫీల్డ్ అసిస్టెంట్ల మీద ఆధారపడింది. ఫ్లోరైడ్‌తో నడుము వంగిన కూలీకీ ఉద్యోగితో సమానమైన హక్కు దక్కినప్పుడే ఈ చట్టాల ఉద్దేశం నెరవేరుతుంది.