టేబుల్‌కో సర్వర్ కావాలా? ట్విస్టెడ్ పుట్టిన కథ

ఇవాళ కోడ్ కంటే ముందు కొంచెం చరిత్ర. నా పరువు పోయిన కథతోనే మొదలుపెడతా.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నా ప్రాజెక్ట్ చాట్ సర్వర్. పైథాన్‌లో సాకెట్ కోడ్ రాశాను, ఒక క్లయింట్‌తో బాగానే నడిచింది. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ "ఇంకో క్లయింట్‌ని కనెక్ట్ చెయ్" అన్నారు. చేశాను. మెసేజ్ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మొదటి క్లయింట్ ఏమీ పంపకుండా ఊరికే ఉంది, నా సర్వర్ దాని కోసమే కూర్చుంది. "ఎందుకు ఆగింది?" అన్నారు సార్. నా దగ్గర జవాబు లేదు.

జవాబు 1983లో ఉంది. ఆ ఏడాది బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో సాకెట్లు వచ్చాయి. మనం ఇప్పటికీ వాడే బైండ్, లిజన్, యాక్సెప్ట్ అక్కడివే. మామూలుగా రిసీవ్ అని పిలిస్తే, డేటా వచ్చేదాకా ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. దీన్నే బ్లాకింగ్ అంటారు.

టిఫిన్ సెంటర్‌లో వడ్డించే ఆయన్ని కూడా మనం సర్వర్ అనే అంటాం కదా! ఒకాయన ఇడ్లీయా దోశా అని తేల్చుకునేదాకా సర్వర్ అక్కడే నిలబడితే మిగతా టేబుళ్ల గతేంటి? టేబుల్‌కో మనిషిని పెట్టడం ఒక దారి. అదే థ్రెడ్ల పద్ధతి.

2000లో గ్లిఫ్ లెఫ్‌కోవిట్జ్ 'ట్విస్టెడ్ రియాలిటీ' అనే టెక్స్ట్ మల్టీప్లేయర్ గేమ్‌ని జావాలో రాస్తున్నాడు. ఒక్కో కనెక్షన్‌కి మూడు థ్రెడ్లు: చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, ఆట లాజిక్‌కి ఒకటి. ఆటగాళ్లు తిరుగుతుంటే థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఆగి బిగుసుకుపోయేవి. బ్లాక్ అవ్వకుండా చదివే సౌకర్యం జావాకి 2002లో, 1.4 వెర్షన్‌తో గానీ రాలేదు.

దాంతో ఆయన పైథాన్‌కి మారాడు. అక్కడ సెలెక్ట్ ఉంది. "వీళ్లలో ఎవరి డేటా రెడీగా ఉంది?" అని ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడిగే కాల్ అది. అంటే ఒక్క సర్వరే, ఎవరు చెయ్యెత్తితే ఆ టేబుల్‌కి వెళ్తాడు. తమాషా ఏంటంటే, సెలెక్ట్ కూడా 1983 నాటి 4.2 బీఎస్‌డీతోనే వచ్చింది! ఆ ఆట కోసం మొదలైన పనే ట్విస్టెడ్ ఫ్రేమ్‌వర్క్ అయ్యింది.

2009లో నోడ్ జేఎస్ ఇదే పద్ధతిని జావాస్క్రిప్ట్ వాళ్లకి అలవాటు చేసింది. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన అసింక్ఐఓ అయితే ప్రోటోకాల్, ట్రాన్స్‌పోర్ట్ అనే ఆలోచనల్ని ట్విస్టెడ్ నుంచే తీసుకుంది.

తర్వాత నా చాట్ సర్వర్‌ని ట్విస్టెడ్‌లో మళ్లీ రాశాను. డేటా వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఒక ఫంక్షన్‌లో రాస్తే చాలు, ఎదురుచూడటం రియాక్టర్ చూసుకుంటుంది. కానీ జాగ్రత్త! ఆ ఫంక్షన్‌లో పది సెకన్ల స్లీప్ పెట్టి చూడండి. అందరి చాట్ ఆగిపోతుంది, అచ్చం నా వైవాలో లాగే. ఫ్రేమ్‌వర్క్ ఎదురుచూపుని మాయం చెయ్యదు, ఒక్క చోటికి చేరుస్తుంది. ఆ చోటేదో మనకి తెలియాలి.

ఇవాళ్టి హోంవర్క్ అదే. ఆ స్లీప్ పెట్టి, రెండు క్లయింట్లతో మీరే చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.