కడబంతి

పండగపూట ఇల్లు ముస్తాబు చేయడం గురించీ, భోజనాల బల్ల అలంకరించడం గురించీ ఇంగ్లీషు పత్రికల్లో రంగురంగుల బొమ్మలు వేస్తూ ఉంటారు. బల్ల నడుమ పూలగిన్నె, దాని కటూ ఇటూ కొవ్వొత్తులు, పళ్ళేనికి ఎడంపక్క ఫోర్కు, కుడిపక్క చాకు, కలువపువ్వులా మడిచిన రుమాలు... చూడముచ్చటగానే ఉంటాయి, కాదనను. ఆ బొమ్మల్లో ఒక్క మనిషైనా కనబడడెందుకో! బల్ల మాత్రమే ఉంటుంది. అది చూసినప్పుడల్లా, మనవాళ్ళు పండగకి ఏం పరిచేవారు, ఎలా పరిచేవారు, పరిచినదాని ముందు ఎవరిని కూర్చోబెట్టేవారు అని ఆలోచన పోతుంది నాకు.

మన అలంకారమంతా గుమ్మం దగ్గరా, నేలమీదా. గోడల జోలికి మనం అట్టే పోం. ఏడాదికోసారి సున్నం కొట్టిస్తే అదే పదివేలు. గుమ్మానికి మామిడాకుల తోరణం, పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టిన గడప, కళ్ళాపి చల్లిన వాకిట్లో ముగ్గు, సంక్రాంతి అయితే ముగ్గులో గొబ్బెమ్మలు. లోపల భోజనాలగదిలో మళ్ళీ ముగ్గు. దానిమీద పీట, పీట ముందు ఆకు. కొత్తల్లుడు వచ్చాడంటే పీటకి వెండిపువ్వులు దిగుతాయి, పక్కన అగరువత్తి వెలుగుతుంది. ఇందులో దాచుకునే వస్తువు ఒక్క పీటే. తోరణం వాడిపోతుంది, ముగ్గు తొక్కుడుకి పోతుంది, ఆకు పశువుల పాలవుతుంది. సీమదొరసాని వెండి దీపస్తంభాలు కూతురికి వారసత్వంగా ఇచ్చుకుంటుంది. మన అమ్మమ్మలు ఇచ్చింది పిండిముగ్గు వేళ్ళ మధ్యనుంచి జారవిడిచే ఒడుపు.

ఆకంటే అందరికీ అరిటాకు గుర్తొస్తుంది గానీ, అరటితోటలున్న డెల్టావాళ్ళ వైభోగం అది. మిగతా చోట్ల విస్తరే. మోదుగాకు, మర్రాకు, బాదమాకు, విశాఖ, శ్రీకాకుళం మన్యాలనుంచి దిగే అడ్డాకు – ఏది దొరికితే అది, ఈనెపుల్లలతో గుండ్రంగా కుట్టేవారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆడవాళ్ళు అరుగుమీద చేరి విస్తళ్ళు కుట్టడం, ఆ కుట్టుతోపాటు ఊరి సంగతులన్నీ కుట్టడం ఈ మధ్యకాలందాకా ఉన్నదే. ఇత్తడీ, కంచూ, వెండీ ఇంట్లో ఉండి కూడా పండగకి ఆకే ఎందుకు వేశారంటే, ఎంగిలి అనే ఒక్కమాటలో ఉంది జవాబు. ఒకరు తిన్నది ఇంకొకరికి తగలకూడదు. ఆకైతే తిన్నాక మడిచి పారేస్తారు. కడిగితే శుద్ధి అయిందా లేదా అన్న శంకే లేదు. పైగా నూరుమంది వచ్చినా అంట్లు తోమే బాధ లేదు. శాస్త్రమూ, సౌకర్యమూ ఇంత చక్కగా రాజీపడిన సందర్భాలు మన ఆచారాల్లో తక్కువే.

అరిటాకుకి కొస ఎడంపక్కకి ఉండాలి. వెడల్పు భాగం కుడిచేతి వైపు వస్తుంది, కలుపుకోడానికి చోటుంటుంది. ఉప్పూ, ఊరగాయలాంటివి ఎక్కువగా ముట్టుకోం కనక అవి ఎడంపక్కకి జరుగుతాయి. తర్వాత పప్పూ నెయ్యీ, కూరలూ, పులుసూ, చారూ, చివరకి పెరుగూ. ఫోర్కూ చాకుల వరస కంఠస్థం చేసినవాళ్ళకి మన వరస నియమం కాదు, పల్లెటూరితనంలా కనిపిస్తుంది. విస్తరిలో చారు పోయించుకుని, అది పుల్లలసందునుంచి జారి పీటకిందికి పారకుండా అన్నంతో కట్ట కట్టడం ఎంత నేర్పుగల పనో వాళ్ళు ఒకసారి ప్రయత్నించి చూడాలి.

వంట గురించి రాసిన కవులు మనకి చాలామంది. వాళ్ళలో వండేమనిషి వైపు తిరిగి చూసినవారు మాత్రం బహు తక్కువ. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడి ఇంట వానాకాలపు విందు ఒకటి వర్ణించాడు. ముసురు పట్టి ఆకాశమంతా నీటిబుగ్గలా ఉన్న రోజుల్లో, తడికట్టెల పొగ కళ్ళలోకి పోకుండా ఆయన ఇల్లాలు కొబ్బరిచిప్పలు రాజేసి వండుతుంది. సన్నబియ్యపన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, అన్నిటికీ ధారాళంగా నెయ్యి. పదార్థాల జాబితా ఎవరైనా చెప్పగలరు. కళింగందాకా దండెత్తి వెళ్ళిన మహారాజు, వంటింట్లో ఆడదాని కళ్ళు మండే సంగతి ఎక్కడ కనిపెట్టాడో! నాకు మాత్రం ఆ పద్యంలో నెయ్యికంటే ఆ కొబ్బరిచిప్పలే రుచి.

ఆ రాయల రాజధానిలోనే, హంపీ శిథిలాల మధ్య, భోజనశాల అని చెప్పుకునే చోటుంది. సన్నని నీటికాలవకి రెండుపక్కలా వరసగా రాతిపళ్ళేలు పరిచి ఉంటాయి. ఒక్కో రాతిలో అన్నానికి నడుమ పెద్దపల్లం, కూరలకి చుట్టూ చిన్నచిన్న గుంటలు. ముందు కాలవ పారుతుంటుంది, చెయ్యి అక్కడే కడుక్కోవచ్చు, పళ్ళెమూ అక్కడే కడగవచ్చు. ఎవరికోసం వేశారన్నదానిమీద తలో మాట చెబుతారు. నాకు వింతగా తోచేది వేరే. రాతిని మలిచినప్పుడు కూడా మన శిల్పి బల్లా కుర్చీ మలచలేదు. బంతినే మలిచాడు.

బంతి అంటే పువ్వు కాదు, ఆటవస్తువూ కాదు, వరస. బంతిలో వలపక్షం పనికిరాదన్నారు పెద్దలు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అన్నదీ ఆ పెద్దలే! ఈ రెండో సామెత పుట్టిందంటే మొదటిది ఎంత బాగా అమలైందో ఊహించుకోవచ్చు. మొదటి బంతి ఎవరిది, రెండోది ఎవరిది, బంతిలోకి అసలు రానివ్వనిది ఎవరిని, పెరట్లో నిలబెట్టి పెట్టేది ఎవరికి – ముగ్గులు ఎంత అందంగా వేసినా, ఆ గీతలకంటే గట్టి గీతలు ఇవి.

వీటిని తుడిచిన సందర్భాలు మన చరిత్రలో వేళ్ళమీద లెక్కపెట్టవలసిందే. 12వ శతాబ్దంలో పలనాట బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడంటారు. చాపలు పరిచి, అన్ని కులాలవాళ్ళనీ కలిపి కూర్చోబెట్టి అన్నం పెట్టించడం. మాలవాడైన కన్నమదాసుని కొడుకుగా చేరదీసి సేనల ముందు నిలిపినవాడు, చాపమీద మాత్రం వేరుగా ఎలా కూర్చోబెడతాడు? ఆ యుద్ధంలో వీరులందరూ పోయారు, రాజ్యాలు పోయాయి. చాపకూడు పోలేదు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరారాధన ఉత్సవాల్లో మందపోరు నాడు ఇప్పటికీ పెడతారు. అలంకారం విషయానికొస్తే ఒక్క చాపే. దానికి మించిన పండగ బల్ల నాకు తెలిసి ఏ ప్యాలెస్‌లోనూ వేయలేదు.

రెండో సందర్భం రాజమహేంద్రవరానిది. 1881 డిసెంబరు 11 రాత్రి కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళి చేయించడం ఒక ఎత్తు, పెళ్ళిభోజనం పెట్టించడం ఇంకొక ఎత్తు. పెళ్ళి చూసి వెళ్ళిపోతే ఏదో సరదాకి వచ్చాడని సరిపెట్టుకుంటారు. ఆకు ముందు కూర్చుని ఒక్క ముద్ద తిన్నాడా, ఇక ఆ కుటుంబంలో ఒకడైపోయినట్టే. అందుకే కులపెద్దలు తంత్రం తెలిసినవాళ్ళు. వెలి అనే కత్తిని సరిగ్గా విస్తరి దగ్గరే దించారు. ముందు మాటిచ్చిన స్నేహితులే కొందరు తర్వాత ప్రాయశ్చిత్తాలు చేసుకుని మెల్లిగా కులంలో కలిసిపోయారు. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు రామన్నారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, తనే వండి పెట్టింది. పంతులుగారి విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఉండవలసిందే. ఆ బిందె మోసిన భుజం సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో సరి. ఆవిడ ఆరోజు వంట మానేసి ఉంటే సంస్కరణ పస్తు పడుకునేది.

1841లో పుట్టి 1909లో కన్నుమూసిన, అదే గోదావరి పాయల్లోని లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి సంగతి వేరు. ఆవిడ ఇంట్లో పండగకీ మామూలు రోజుకీ తేడా లేదు. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా, ఏ కులం వాళ్ళొచ్చినా ఆకు పడేది. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఆకలితో తన ఇంటికే వస్తున్న జనం మాటలు విని, దేవుణ్ణి అక్కడే ఉంచి వెనక్కి తిరిగిందని చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. అయితే ఇంతమందికి ఇన్నేళ్ళు పెట్టిన మనిషి తను ఏ వేళకి తిన్నదో ఎవరూ రాసిపెట్టలేదు. ఆవిడదే కాదు, ఏ ఇంట్లోనూ రాసిపెట్టలేదు. మగవాళ్ళ బంతి, పిల్లల బంతి, చుట్టాల ఆడవాళ్ళ బంతి, అన్నీ లేచాక వండినవాళ్ళ బంతి. గారెలు అయిపోయాక, పులుసు అడుగంటాక!

అందుకే డైనింగ్ టేబుల్‌ని నేను కొందరిలా తిట్టలేను. తెలుగునాట బల్లల్లో రారాజు హైదరాబాదు ఫలక్‌నుమాలో ఉంది. సర్ వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన ఆ మేడలో బల్ల చుట్టూ ఏకంగా 101 మంది కూర్చోవచ్చు. కట్టించినాయన అప్పులపాలైతే మేడ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్ళింది. 2010లో హోటలయింది. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడి కూతురికి మన ప్రధాని విందిచ్చింది ఆ బల్లమీదే. అది రాజుల సంగతి. మన మధ్యతరగతి ఇళ్ళలోకి బల్ల వచ్చిన కొత్తల్లో దానిమీద భోజనం తప్ప అన్నీ ఉండేవి – పాతపేపర్లు, బట్టల మూట, మందుసీసాలు, పిల్లల లెక్కల పుస్తకం. పండగొస్తే పీటలే దిగేవి. అయినా ఆ బల్ల దొంగతనంగా ఒక పని చేసింది. గిన్నెలన్నీ నడుమకి చేర్చింది. ఎవరికి వాళ్ళు వడ్డించుకోవచ్చన్న ఆలోచన వచ్చింది. నడుం వంచి బంతి కొసనుంచి కొసకి తిరిగే మనిషికి ఒక కుర్చీ దొరికింది. ఆ కుర్చీలో ఆవిడ కూర్చున్న రెండు నిమిషాలకి ‘మజ్జిగేదీ’ అని ఎవరో ఒకరు లేపేవారనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు అలంకారమంతా లెక్కలోకి దిగింది. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబంవారు కాబోయే మనవడల్లుడికి 365 రకాలు వడ్డించారని దేశమంతా పేపర్లలో వేశారు. రోజుకొకటి చొప్పున తింటే ఏడాది గడుస్తుంది! అదే ఏడు జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలమీద దేశమంతటా నిషేధం వచ్చి, పెళ్ళిభోజనాల్లో విస్తరికి మళ్ళీ గిరాకీ పెరిగింది. మన్యంలో అడ్డాకు ఏరే ఆడవాళ్ళకి అందులో ఎంత ముడుతోందో, ఆకు అందంగా ఉందని మెచ్చుకునేవాళ్ళు ఒక్కసారి కనుక్కుంటే బాగుండును.

సముద్రాల కవతలకి అరిటాకు బొమ్మ అచ్చేసిన కాగితపు పళ్ళేలు వెళుతున్నాయి. మొన్న ఉగాదికి మా మేనకోడలు అమెరికానుంచి ఫోన్ చేసి, “అత్తా, ఈ కాగితం ఆకుకి కొస ఎటు పెట్టాలి?” అంది. ఎడంపక్కకన్నాను. ఎంతమందికి వేస్తున్నావే అంటే, “పద్ధెనిమిది” అంది. ఆ లెక్కలో నువ్వున్నావా అని అడిగాను.

ఉందిట.