గర్భవిచ్ఛిత్తి చట్టము: పుట్టుపూర్వోత్తరములు

గర్భమునందు జీవము ఎప్పుడు నెలకొనునన్నది మన ప్రాచీన వైద్యులకే చిక్కుప్రశ్న. శుక్రశోణితములతో జీవుడు కూడి కుక్షియందు చేరినప్పుడే దానికి గర్భమను వ్యవహారము కలుగునని చరకసంహిత చెప్పుచుండగా, నాల్గవ మాసమున హృదయము రూపుకట్టి చైతన్యము వ్యక్తమగుననియు, ఆ నెలనుండి తల్లి రెండు హృదయములు గలది గనుక ఆమె వేవిళ్ల కోరికలు తీర్పకుండరాదనియు సుశ్రుతుడు నిర్ణయించెను. ఈ రెండు మాటలను పండితులు సమన్వయించుకొనవచ్చును. కాని దండధారియైన రాజునకు ఆ సమన్వయము చాలదు, ఏలయన గర్భనాశనము ఎన్నవ నెలనుండి నేరమగునో, ఎవరు చేసిన నేరమగునో, ఎవరి యెడల చేసిన నేరమగునో అతడు తేల్చి చెప్పవలసియుండును.

ధర్మశాస్త్రకారులు ఈ విషయమున కఠినులే. యాజ్ఞవల్క్యుడు గర్భపాతనమును స్త్రీని పతితురాలిని చేయు విశేషదోషములలో నొకటిగా లెక్కించెను. కాని ప్రాయశ్చిత్తము వేఱు, రాజశిక్ష వేఱు. కౌటిల్యుడు, కొట్టి గర్భము పోగొట్టినవానికి ఉత్తమసాహసదండమును, మందుపెట్టి పోగొట్టినవానికి మధ్యమమును, క్లేశపెట్టి పోవునట్లు చేసినవానికి ప్రథమమును విధించెను. గర్భవతిమీద చేయిచేసికొనుట మందుపెట్టుటకంటె ఘోరమని అంత పూర్వకాలముననే గుర్తించిన ఆ సూత్రమును నేను గౌరవముతో చదువుదును. అందు స్త్రీ దోషిగా గాక బాధితురాలుగా కనబడుచున్నది.

బ్రిటిషువారి శిక్షాస్మృతిలో ఈ దృష్టి తారుమారైనది. మెకాలే అధ్యక్షతన 1837లో చిత్తుప్రతిగా సిద్ధమై, 1860లో శాసనమై, 1862 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చిన ఆ స్మృతి, తన 312వ సెక్షనులో, స్త్రీ ప్రాణరక్షణకై సద్బుద్ధితో చేసిన సందర్భమున తప్ప, గర్భస్రావము కలిగించినవారికి మూడేండ్లవరకును, కడుపులో బిడ్డ కదలిన పిమ్మటనైనచో ఏడేండ్లవరకును ఖైదు విధించి, తనంతట తాను గర్భము పోగొట్టుకొన్న స్త్రీయు ఈ సెక్షను క్రిందికే వచ్చునని ఒక వివరణమును తగిలించినది. కదలికకు ముందు, కదలికకు తర్వాత అను ఈ భేదమును ఇంగ్లండు 1803లో చట్టమున పెట్టి 1837లో తీసివేసినది; మన స్మృతిలో మాత్రము అది నిలిచిపోయినది.

ఆ సెక్షను బరువు ఎవరిమీద పడినదో తెలిసికొనుటకు మన గోదావరీతీరమును తలచుకొన్న చాలును. పునర్వివాహము 1856 శాసనముచే న్యాయసమ్మతమైనను అగ్రహారముల గడప దాటి లోనికి రాలేదు. బాల్యముననే భర్తను పోగొట్టుకొని, తల గొఱిగించుకొని, పుట్టినింటనో అత్తింటనో వంటయింటి చాకిరికి అంకితమైన పిల్ల, ఆ ఇంటి మగవాని వలననే కడుపు తెచ్చుకొన్నప్పుడు, రాత్రివేళ పెరటి దారిని మంత్రసాని వచ్చి, జిల్లేడు కాడనో చిత్రమూలపు వేరునో గర్భాశయద్వారమున దూర్చి పోయెడిది. పాల ఘాటునకు పిండము జారిననాడు ఇంటి పరువు దక్కెడిది. లోపల చీముపట్టి జ్వరము వచ్చిననాడు ఆ పిల్ల పోయెడిది, అప్పుడును పరువు దక్కెడిది. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించుటకు వెనుక నున్న ఆవేదనలో ఈ రహస్య గర్భములకును, భ్రూణహత్యలకును ప్రధానస్థానము గలదు. అంతకు పూర్వమే, 1863లో, పూనాలో జోతీరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులు గర్భవతులైన వితంతువులు గుట్టుగా ప్రసవించుటకు ఒక ఆశ్రయమును నెలకొల్పిరి. సంస్కర్తలు ఇట్లు బ్రతుకుదారి వెదకుచుండగా, శిక్షాస్మృతి మాత్రము ఆ గర్భమునకు కారకుడైన పురుషుని పేరైనను అడుగలేదు.

విదేశములలో మార్పు మన కంటె ముందు వచ్చినది. సోవియటు రష్యా 1920లో గర్భవిచ్ఛిత్తిని అనుమతించి, 1936లో నిషేధించి, 1955లో మరల అనుమతించెను. లండనులో 1938లో, సైనికుల బలాత్కారమునకు గుఱియైన పదునాలుగేండ్ల బాలికకు శస్త్రచికిత్స చేసిన డాక్టరు ఆలెక్ బోర్న్ తన్ను విచారింపుడని తానే ముందుకు వచ్చి, జ్యూరీచే నిర్దోషిగా విడువబడెను. బ్రిటిషు పార్లమెంటు 1967లో చట్టము చేసెను.

మన దేశమున కేంద్రప్రభుత్వము మహారాష్ట్ర మంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన 1964లో ఒక సంఘమును నియమించెను. 1966 డిసెంబరులో ఆ సంఘమిచ్చిన నివేదిక, ఏబది కోట్ల జనాభాలో ఏటా 65 లక్షల గర్భస్రావములు జరుగుచుండుననియు, అందు 39 లక్షలు చేయించుకొన్నవే యనియు అంచనా కట్టినది. 1969లో బిల్లు రాజ్యసభకు వచ్చునాటికి కేంద్రమున కుటుంబనియంత్రణ వ్యవహారములు చూచుచుండిన మంత్రి, జనాభాశాస్త్రజ్ఞుడు శ్రీపతి చంద్రశేఖర్ జన్మస్థానముకూడ రాజమహేంద్రవరమే. వీరేశలింగముగారి ఊరినుండి వచ్చిన ఈ రెండవ ప్రయత్నము, మొదటిదానివలె కరుణ నుండి మాత్రమే పుట్టినదనజాలను. దేశజనాభా పెరుగుదలను గూర్చిన భయము ఆనాడు ఢిల్లీ గాలిలోనే యుండెను. ఐనను బిల్లు చెప్పుకొన్న కారణములు స్త్రీల ఆరోగ్యము, బలాత్కారాది సందర్భములందు మానవత్వము, పుట్టబోవు శిశువు వైకల్యము అనునవి.

1971 ఆగస్టు 10న రాష్ట్రపతి ఆమోదము పొంది, 1972 ఏప్రిల్ 1నుండి అమలైన ఆ చట్టము నిర్మాణమును శ్రద్ధగా చూడవలయును. అది స్త్రీకి హక్కు నిచ్చుచున్నానని ఎక్కడను పలుకదు. నిర్ణీతమైన షరతులకు లోబడి గర్భమును తొలగించిన డాక్టరు శిక్షాస్మృతి క్రింద నేరస్థుడు కాడని పలుకును. పండ్రెండు వారములవరకు ఒక డాక్టరు, ఇరువది వారములవరకు ఇద్దఱు డాక్టర్లు, ఆమె ప్రాణమునకో శారీరక మానసికారోగ్యమునకో ముప్పు గలదని సద్బుద్ధితో అభిప్రాయపడవలసియుండెను. బలాత్కారము వలన వచ్చిన గర్భము మనోవ్యధయేయని ఒక వివరణము, దంపతులు వాడిన నిరోధసాధనము విఫలమైనచో అదియు వ్యధయేయని మఱియొకటి. భర్త సంతకము అక్కఱలేదు. ఇది ఆ కాలమునకు చిన్న సాహసము కాదు. నియమావళి మేరకు ఆసుపత్రిలో ఆమె పేరు ప్రవేశపు రిజిస్టరులో తప్ప వేఱెక్కడను వ్రాయరాదు, కేసుషీటుమీద క్రమసంఖ్య మాత్రమే; సమ్మతిపత్రమును, డాక్టరు అభిప్రాయపత్రమును కవరులో పెట్టి, సీలువేసి, పైన రహస్యమని వ్రాయవలెను. మంత్రసాని పెరటిదారిని వచ్చిన దేశమున, రహస్యము తొలిసారిగా స్త్రీకి రక్షణయైనది.

గర్భస్థ శిశువు పక్షమున నిలిచి మాటాడువారి వాదమును తేలికచేయుట నా ఉద్దేశము కాదు. నోరులేని ప్రాణికి ఎవరో ఒకరు నోరు కావలెనను వారి మాట గంభీరమైనది, ఆ మాటకు ఈ దేశమే సాక్ష్యము సమకూర్చినది. గర్భస్థ శిశువు లక్షణములను కనిపెట్టు పరీక్షలు వచ్చిన పిమ్మట, ఆడపిల్ల యని తెలియగానే తొలగించుట ఒక వ్యాపారమైనది. 1994లో లింగనిర్ధారణ నిషేధచట్టము వచ్చి 1996నుండి అమలైనను, ఆఱేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు 1991లో 945 మందియుండగా 2001లో 927కు దిగిరి. అయితే ఆ హత్యలకు మూలము తల్లికి లభించిన స్వేచ్ఛ గాదు. ఆడపిల్లను కన్న తల్లికి ఆ యింట స్వేచ్ఛ లేకపోవుటయే.

2021 సవరణ కొన్ని వర్గముల స్త్రీలకు గడువును ఇరువదినాలుగు వారములకు పెంచి, గర్భస్థ శిశువునకు తీవ్రవైకల్యమున్నచో గడువే లేకుండ వైద్యమండలికి అప్పగించి, భార్యాభర్తలను మాటను తీసివేసి స్త్రీ, ఆమె భాగస్వామి యని వ్రాసినది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అవివాహితకును అదే గడువు వర్తించుననియు, భర్త చేసిన బలాత్కారమును ఈ చట్టమునకు సంబంధించినంతవరకు బలాత్కారమేయనియు తీర్పుచెప్పినది. మఱుసటి యేడు అక్టోబరులో ఇద్దఱు బిడ్డల తల్లి యొకతె, ప్రసవానంతర మనోవ్యాధితో నలుగుచు, ఇరువదియాఱు వారముల గర్భము తొలగింపుమని వేడుకొన్నది. మొదట అనుమతి లభించినది. బ్రతికి బయటపడగల శిశువు గుండెను ముందుగా ఆపవలెనా యని వైద్యమండలి డాక్టరొకరు అడుగుటతో, ఇద్దఱు న్యాయమూర్తులు చీలిపోయిరి. ప్రధాన న్యాయమూర్తి నేతృత్వమున ముగ్గురు కూర్చుండి నిరాకరించిరి. ఆ డాక్టరు ప్రశ్న ధర్మబద్ధమైనదే. ఆ తల్లి వేదనయు అంతే ధర్మబద్ధమైనదని నా దృఢవిశ్వాసము. ఇట్టి తీర్పు చెప్పు భారము కోర్టుమీద పడుటకు ముందు, తొలి వారములలోనే పల్లె ఆరోగ్యకేంద్రమున శిక్షణపొందిన డాక్టరు ఆమెకు అందియుండవలెను.

2024 జూలై 1నుండి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినది. 312వ సెక్షను అందు 88వదిగా నిలిచినది. కదలిక తర్వాతిదానికి ఏడేండ్ల శిక్షయు నిలిచినది. తన గర్భము తానే పోగొట్టుకొన్న స్త్రీ నేరస్థురాలను ఆ వివరణమును, నూటయఱువదేండ్ల తర్వాతను, పార్లమెంటు తొలగింపలేదు.