పదోవంతు డిగ్రీ

తలుపు మూసుకోగానే చెవులు దిబ్బెడ పడ్డట్టుంటుంది. మీ మాట గోడను తాకి తిరిగి రాదు. గోడలకూ కప్పుకూ మొనదేలిన నురగ దిమ్మెలు. వాటికి బొగ్గుపొడి పట్టించి ఉంటుంది. మీదపడ్డ రేడియో తరంగం అక్కడికక్కడే ఇంకిపోతుంది. ఇది బెంగళూరు మారతహళ్లిలో ఇస్రో పరీక్షా కేంద్రం, ఐసైట్. కోటు, టోపీ సరిచూసుకోండి. దేన్నీ తాకకండి.

ఎదురుగా తిరుగుడు పీఠం మీద సమాచార ఉపగ్రహం. దానికి అవతల రెండు పెద్ద లోహపు ప్రతిఫలకాలు. ఉపగ్రహం నుంచి తరంగం బంతిలా ఉబ్బుతూ బయల్దేరుతుంది. 36,000 కిలోమీటర్లు దిగి మన ఊళ్లకు చేరేసరికి ఆ వంపు చదునైపోతుంది. అంత దూరం చేసే పనిని ఈ గదిలోనే చేయడానికి ఆ ప్రతిఫలకాలు.

ఇక బయటికి రండి. మన ఒళ్లు కూడా తరంగాన్ని తిప్పికొడుతుంది.

పరీక్షలు నడిపే చెకౌట్ గదిలో బీరువాలంత ర్యాకులు. ఒకటి సూర్యుడి బదులు: సౌరఫలకాలు ఇవ్వాల్సిన కరెంటు అదే ఇస్తుంది. ఇంకొకటి నేల మీది కేంద్రంలా ఆదేశాలు పంపి జవాబులు వింటుంది. పీఠం కదులుతుంది, కంటికి ఆనదు. తెర మీద గీత మాత్రం కొండలా లేచి దిగుతుంది. అందరి చూపూ ఆ శిఖరం మీదే.

ఆ శిఖరమే తరంగ పుంజానికి నడిమి. అది పదోవంతు డిగ్రీ జరిగితే నేల మీద 60 కిలోమీటర్ల పైమాటే. ఏలూరు మీద పడాల్సిన పుంజం నడిమి భాగం తాడేపల్లిగూడెం దాటిపోతుంది. పుంజం అంచున మిగిలిన కొల్లేటి లంకకు మామూలు రోజున తేడా తెలియకపోవచ్చు. కానీ కేయూ బ్యాండ్ అనే రేడియో పట్టీలోని తరంగం జడివానలో నీరసిస్తుంది. తుపాను పట్టిన రాత్రి ముందుగా తెగేది అంచునున్న ఊరే. ఆ రాత్రే కదా సమాచారం కావాల్సింది! అందుకే ఉపగ్రహాన్ని షేకర్ మీద వణికించి, రాకెట్ హోరంత శబ్దంలో నిలబెట్టి, గాలి తీసేసిన గదిలో కాచి, చల్లార్చి, కాలువ గట్ల మీద సర్వేవాళ్లు పెట్టే థియోడొలైట్ లాంటి దానితో యాంటెన్నా జరిగిందేమో మళ్లీ కొలుస్తారు.

2018 మార్చి 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-6ఎ ఉపగ్రహం కొద్దిరోజుల్లోనే మూగబోయింది. అప్పటికే 5,854 కిలోల జీశాట్-11 ప్రయోగం కోసం ఫ్రెంచ్ గయానాలోని కౌరూ చేరి ఉంది. దానికీ అదే గతి పట్టకూడదని సముద్రాలు దాటించి బెంగళూరుకు వెనక్కి తెప్పించారు. మళ్లీ పరీక్షించారు. డిసెంబరు 5న అది ఆరియాన్-5 మీద ఎగిరింది. ఎన్ని ప్రయోగాలు చూసినా, నాకు ఆ వెనక్కి తెప్పించిన నిర్ణయమే గొప్పగా తోస్తుంది. పైకి వెళ్లాక స్క్రూ బిగించే చెయ్యి లేదు.

తెర మీద ఇప్పుడు రెండు గీతలు, వణికించక ముందుదీ, తర్వాతదీ. ఒకచోట వెంట్రుకవాసి ఎడం.

"కేబులేమో సార్?"

"కావచ్చు. కేబుల్ మార్చి మొదట్నుంచీ తిప్పండి."