ఉమ్మెత్త ఎక్కడిది?

"ఉమ్మెత్తా? అది అడవి మొక్క, మీ వైపే ఎక్కువుంటది" అని మా క్లాసులో ఒకరన్నారు. నాకు నవ్వొచ్చింది. దట్టమైన అడవిలో ఎంత తిరిగినా ఉమ్మెత్త దొరకదు. దానికి నీడ పడదు. పెంటకుప్పలు, పశువుల పాకలు, రోడ్డు వార, బీడు చేలు, కూలిన గోడల పక్క, ఇలా మనిషి నేలని కదిపిన చోటే లేస్తుంది. మా హాస్టల్ వెనక కూడా ఉంది.

అసలు దీని పుట్టిల్లే ఇది కాదు. వంగ, టమాటా, మిర్చి, పొగాకు కుటుంబం దీనిది. దగ్గరి బంధువులు ఎక్కువగా మెక్సికో చుట్టుపక్కలే ఉన్నాయి, అందుకే అమెరికా ఖండం మొక్క అంటారు శాస్త్రవేత్తలు. మిర్చి, టమాటా అయితే కొలంబస్ తర్వాత పోర్చుగీసు వాళ్లతో వచ్చాయి. ఉమ్మెత్త సంగతి అంత తేలిక కాదు. పాత సంస్కృత గ్రంథాల్లో 'ధత్తూర' ఉంది. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలోనూ ఉంది. గీత, ఘరైబె అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ఇలాంటి ఆధారాలన్నీ పోగేసి, కొలంబస్‌కి శతాబ్దాల ముందే ఒక రకం ఉమ్మెత్త ఇక్కడుందని వాదించారు. సముద్రం ఎలా దాటిందన్నది ఇంకా వాదనలోనే ఉంది. 1753లో లిన్నేయస్ పెట్టిన 'డటూరా' అనే శాస్త్రీయ నామం మాత్రం మన దేశపు పేరే. మొక్క అటు నుంచి ఇటొస్తే, పేరు ఇటు నుంచి అటెళ్లింది!

అమెరికాలో జేమ్స్‌టౌన్‌లో 1676 తిరుగుబాటప్పుడు ఇంగ్లిష్ సైనికులు దీని లేతాకు ఉడికించుకు తిని పదకొండు రోజులు మతి లేకుండా తిరిగారట. అక్కడ దాన్ని 'జిమ్సన్ వీడ్' అనేది అందుకే.

గుర్తుపట్టడానికి కాయ చూడండి. కాయ నిటారుగా నిలబడి, ఎండాక నాలుగు పలకలుగా చీలితే స్ట్రమోనియం. కిందికి వంగి, ఆకంతా మెత్తటి నూగు, కాయకి పొడుగు ముళ్లుంటే ఇన్నాక్సియా. ఇవి రెండూ తర్వాత వచ్చినవే. వంగిన కాయ మీద పొట్టి బొడిపెలు, పువ్వు తెలుపో ఊదానో అయితే మెటెల్, మన పాత ఉమ్మెత్త.

మూడూ విషమే. మెటెల్ గింజలు ఎండుమిర్చి గింజల్లా ఉంటాయి, కానీ ఘాటు ఉండదు, మూత్రపిండం ఆకారం, పైన గుంటలు గుంటలు. తిన్న పిల్లలకి నోరెండిపోతుంది, మొహం ఎర్రబడుతుంది, కనుపాప పెద్దదవుతుంది, గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులాడిస్తారు. దయ్యం పట్టిందని కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, తిన్న కాయ మిగిలుంటే అది కూడా పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.